తోక తొందరపెట్టదు

వైశాలి,
జూన్ 29, ఆదివారం సాయంత్రం

గౌరక్కకు,

ఇందుమూలంగా సిద్దిపేట పురజనులందరికీ, విశేషించి మా అక్కబావలకు, ఢిల్లీ పక్కన వైశాలి సెక్టారు నాలుగు, మూడో అంతస్తులో కాపురముంటున్న లింగయ్య, వయస్సు యాభై రెండు, పదో తరగతి మూడుసార్లు ఫేల్, తెలియజేయునది ఏమనగా: నేటి నుండి ప్రతి ఆదివారం నేను వెనకవైపు మెత్త కుట్టిన నల్ల నిక్కరు తొడుక్కుని బహిరంగంగా తిరుగుతాను. దాన్ని చూసి నవ్వే హక్కు నా భార్య సరోజకు వారానికి ఒక్కసారి, అదీ తలుపు వేసుకున్నాక మాత్రమే కలదు. దండెం మీద దాన్ని చూసి 'భయ్యా, తకియా ఉతికారా?' అని, అంటే దిండు ఉతికారా అని అడిగిన కింది అంతస్తు ఆంటీకి జవాబు ఇవ్వబడదు. ఇందులో మార్పు లేదు.

టముకు అయిపోయింది. ఇక నీ ఉత్తరం సంగతి.

మంగళవారం అందింది. శశి సివిల్స్ ఫలితాలు వచ్చినప్పటి నుండి ఫోన్ ఎత్తడం లేదని, నాలుగోసారి కూడా పోయిందన్న సంగతి పక్కింటి సాయిచరణ్ చెబితే తెలిసిందని రాశావు. మూడు చోట్ల సిరా చెదిరింది. పక్కన 'చెమట' అని రాశావు. నీకు చెమట సరిగ్గా నీ కొడుకు పేరు మీదే పడుతుందా అక్కా?

బుధవారం వెళ్ళాను. వాడుండే ఓల్డ్ రాజిందర్ నగర్ మా మెట్రో లైన్లోనే ఉంది. ఇన్నాళ్ళూ పండక్కో పబ్బానికో తప్ప వెళ్ళలేదు, అది నా తప్పే. వాడి గది నాలుగో అంతస్తు. మంచం వేశాక తలుపు తెరుచుకోవడమే గొప్ప. గోడల నిండా దేశపటాలు, నదులు నీలంలో, కొండలు గోధుమ రంగులో. పుస్తకాలన్నీ తాడుతో కట్టి మూలన పెట్టేశాడు. వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఏంరా అల్లుడా, తిన్నవా?"

"తిన్న మామా."

"ఏం తిన్నవ్?"

"తిన్న."

"ఒంట్లో బాగుందా?"

"సబ్ ఠీక్ హై మామా. నువ్వు పో."

ఇలాంటివాడితో మాట్లాడటం నా వల్ల కాదు, వాడేదైనా అంటేనే కదా నేను తిరిగి అనేది! అందుకని ఇవాళ తెల్లవారుజామునే టెంపో వాడి గల్లీలోకి తోలి, కింద నిలబడి హారన్ కొట్టాను. గల్లీకి గల్లీ లేచి తిట్టేసరికి సిగ్గుకు దిగొచ్చాడు.

మా సైకిల్ క్లబ్బు నీకు తెలియదు కదూ. ఆరు రోజులు కూరగాయలు మోసే నా టెంపో ఆదివారం ఇటువైపు మెంబర్ల సైకిళ్ళు మోస్తుంది. చాలామంది కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ళు. కెప్టెన్ భరద్వాజ్ మన తెలుగువాడే. గుర్గావ్ దాటాక ఆరావళి కొండలు మొదలయ్యే చోట టెంపో ఆపి, అక్కడి నుండి ఇరవై మంది వరసగా ఎక్కుతూ దిగుతూ పోతాం. మొదట నేను డ్రైవర్ని మాత్రమే. ఒక ఆదివారం ఒకాయనకు కడుపునొప్పి వచ్చి సైకిల్ ఖాళీగా ఉంటే ఎక్కాను, అంతే, ఇప్పటిదాకా దిగలేదు.

ఆ గుంపులో అందరికన్నా వెనక ఒకడుంటాడు. వాణ్ణి 'దుమ్' అంటారు, అంటే తోక. తోకకు ఒకటే రూలు. చివరివాడు ఎంత నెమ్మదిగా పోయినా వాణ్ణి దాటకూడదు. వాడు దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిస్తే తోక కూడా దిగి నడవాలి. 'జల్దీ' అనే మాట నోటి నుండి రాకూడదు. ఆ పదవి నాదే. అందరికన్నా నెమ్మది నేనే కాబట్టి ఇచ్చారు.

ఇవాళ క్లబ్బు సైకిల్ ఒకటి ఇప్పిస్తే, చివరివాడు శశి. మొదటి ఎత్తుకే దిగి నెట్టడం మొదలుపెట్టాడు. నేనూ దిగాను. గంటంబావు నడిచాం.  పైన చాయ్ దుకాణం దగ్గర కావేరి అని మా మెంబరు నీళ్ళసీసా ఇస్తే తాగాడు. తిరిగి గది దగ్గర దింపితే, "థాంక్స్ మామా" అని మెట్లెక్కిపోయాడు. ఇప్పటికి ఇంతే.

నీ తమ్ముడు, తోక పదవిలో ఉన్న
లింగయ్య


సిద్దిపేట,
జూలై 6

తమ్ముడు లింగనికి గౌరక్క రాసేది.

నీ నిక్కరు గురించి పదిహేను వరసలు రాసినవు. నా కొడుకు ఏం తిన్నడో రాయలేదు. 'తిన్న' అన్నడట! చిక్కిండా? గడ్డం పెంచిండా? కళ్ళ కింద నల్లగ ఉందా? ఇవి రాయడానికి పదో తరగతి పాస్ కానక్కర లేదు.

అన్నం దిగని పిల్లవాణ్ణి కొండల మీదికి సైకిల్ ఇచ్చి తోలినవా? కళ్ళు తిరిగి పడితే? మీ బావకు చెప్తే, "పోనీ, గాలి తగుల్తది" అని పేపర్ ముఖం మీదికి లేపుకున్నరు. వారం వారం ఫోన్‌లో ఆయన అడిగేది ఒక్కటే, "ఎంతదాక వచ్చింది సిలబస్?" నాకా, ఆ చెవి మిషన్ పెట్టుకుంటే ఈల వేస్తది గానీ మాట వినిపించదు. ఫోన్‌లో అక్షరాలు పంపు అంటరు, నేను కళ్ళజోడు వెతికేసరికి తెర ఆరిపోతది. అందుకే నీకు రాస్తున్న.

ఇంకో మాట. ఈ కావేరి ఎవరు? ఎవరి పిల్ల? ఏ ఊరు? అడగకుండ నీళ్ళసీసా ఎందుకిచ్చింది? వాడు చదువు మీద మనసు పెట్టకపోవడానికి అదేనా కారణం? ఉంటే ఉందని చెప్పు, నేనేం అననులే.

లింగా, నాతో నిజం చెప్పు. నీ సంగతి నాకు తెలుసు. నీకు పదేళ్ళప్పుడు దిగుడుబావి గట్టు మీద చెప్పులు విడిచిపెట్టి, ఇంటికొచ్చి అటక మీద దాక్కొని బెల్లం తిన్నవు. నేను నువ్వు మునిగినవని పరికిణీతోనే మెడ లోతు దాక దిగిన. అప్పుడు నా వయసు పద్నాలుగు. ఇప్పటికీ ఏ బావి గట్టూ ఎక్కను. నా కొడుకు విషయంల అట్లాంటి ఆట ఆడకు.

సరోజకు నా దీవెనలు.

అక్క
గౌరి


వైశాలి,
జూలై 20, ఆదివారం

అక్కా,

ముందుగా కావేరి గారి సంగతి. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైంది, అరవై మూడేళ్ళు, ఇద్దరు మనవలు. అయినా మా అందరికన్నా ముందు కొండెక్కేది ఆవిడే. సంబంధం మాట్లాడమంటావా? భరద్వాజ్‌కు నీ ఉత్తరం చదివి వినిపిస్తే రోడ్డు పక్కన కూర్చుని నవ్వాడు.

చిక్కాడు. గడ్డం ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. అడిగావు కాబట్టి రాశాను, చదివి ఏడవకు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు వాడు రాలేదు. హారన్ కొట్టినా దిగలేదు. ఎదురింటాయన మాత్రం దిగొచ్చి నా టెంపో నంబర్ రాసుకున్నాడు. మొన్న బుధవారం మళ్ళీ పైకి వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపల నుండే మాట్లాడాడు. ఆ మాట నీకు రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

"నేనొస్తే ఎవరికి లాభం మామా? రాకుంటే ఎవరికి నష్టం? నాలుగేండ్లు కూసున్న. నేను లేకుంటే ఈ గదికి ఇంకొకడు వస్తడు, అంతే."

నా నోరు నీకు తెలుసు. కూరగాయల మండీలో లారీ డ్రైవర్లు కూడా నాతో మాట పెట్టుకోరు. అలాంటివాణ్ణి ఆ మెట్ల మీద కూలబడ్డానక్కా. పది ఫేలైన మూడుసార్లూ నేను పందిరి కింద పడుకుని ఈత చాప ఈనెలు లెక్కపెట్టిన మాట నిజం. కానీ అప్పుడు నన్ను ఎవరూ పెద్ద మనిషిని అవుతానని అనుకోలేదు. వీడి మీద అందరూ అనుకున్నారు. ఆ బరువు వేరే.

ఒక అరగంట మెట్ల మీదే కూర్చున్నాను. తర్వాత తలుపుకు నోరానించి ఏదో చెప్పాను. ఏం చెప్పానన్నది అడగకు. లోపల మంచం కిర్రుమంది. గడియ తీసిన చప్పుడు వినిపించింది.

ఇవాళ వచ్చాడు. నేను హారన్ కొట్టకముందే కింద నిలబడి ఉన్నాడు. చేతిలో వాచీ, జేబులో గ్లూకోజ్ పొట్లం. భరద్వాజ్‌తో ఏదో గుసగుసలాడి, నా తోక పదవి ఊడబెరికాడు. ఇప్పుడు చివరివాణ్ణి నేను, నా వెనక తోక వాడు.

తిన్నది రాస్తున్నాను: రెండు పరాటాలు, పెరుగు, ఒక అరటిపండు.

నీ
లింగయ్య


సిద్దిపేట,
ఆగస్టు 1

లింగా,

నిన్న శశి ఉత్తరం వచ్చింది. సంవత్సరం తర్వాత వాడి చేతిరాత చూసిన. తెరవకముందే దేవుని దగ్గర పెట్టిన. తెరిచినంక నా పానం పోయినట్లయింది.

'అమ్మా, మామ నీకు చెప్పొద్దన్నడు, కానీ నేను చెప్పకుండ ఉండలేను. మామకు గుండెలో ఒక నరం మూసుకుపోయిందట. సైకిల్ తొక్కితేనే మంచిది, కానీ వెనక మనిషి లేకుండా తొక్కొద్దని డాక్టర్ చెప్పిండట. క్లబ్బుల తెలిస్తే తీసేస్తరని మామ ఎవ్వరికీ చెప్తలేడు. అందుకని నేనే పోతున్న. ఆదివారాలు ఫోన్ ఎత్తకుంటే ఫికర్ చెయ్యకు' అని రాసిండు.

ఇదా నువ్వు తలుపుకు నోరానించి చెప్పింది? నా కొడుకు గురించి నీకు రాస్తుంటే, నువ్వు నీ జబ్బు దాచిపెట్టుకొని నిక్కరు గురించి నవ్వులాటలా? మీ బావ వాళ్ళ పెద్దన్న ఇట్లనే, కూసున్నోడు కూసున్నట్లు పోయిండు. నువ్వు అట్లాంటి గుండె పెట్టుకొని కొండలు ఎక్కుతున్నవు!

సైకిల్ మానెయ్. ఉప్పు మానెయ్. చింతకాయ తొక్కు ముట్టకు. సరోజకు వేరే ఉత్తరం రాస్తున్న. మీ బావ పేపర్ పక్కన పెట్టి రెండుసార్లు చదివిండు శశి ఉత్తరం. 

తిరుగు టపాలో నీ డాక్టర్ పేరు రాయి.

గౌరక్క


వైశాలి,
ఆగస్టు 10, ఆదివారం

అక్కా,

డాక్టర్ పేరు సుధీంద్ర. చాలా నెమ్మదస్థుడు. ఆయన చెప్పిందల్లా ఒక్కటే, తొక్కు, కానీ వెనక ఒక మనిషి లేకుండా తొక్కకు. మానేస్తే గుండెకు మరీ చెడ్డదట. కాబట్టి నువ్వు ఊరుకో.

నీ ఉత్తరం చదివిన రోజు నుండి సరోజ నా మీద కక్ష తీర్చుకుంటోంది. నిక్కరు చూసి వారానికి ఒక్కసారే నవ్వనిచ్చాను కదా, అదంతా పప్పులో చూపిస్తోంది. ఉప్పు లేని పప్పు తిన్నావా ఎప్పుడైనా? పసుపు కలిపిన వేడినీళ్ళు. శశి ఇప్పుడు ప్రతి శనివారమే వచ్చి మా ఇంట్లో పడుకుంటున్నాడు, నేనేం తింటున్నానో చూడటానికి. "అత్తమ్మా, మామకు అప్పడం ఎందుకేసినవ్?" అంటాడు. అప్పడం నా కళ్ళ ముందే వాడి కంచంలోకి పోతుంది. కొండ మీద దుకాణంలో సమోసా పట్టుకుంటే చేతిలో నుండి లాక్కున్నాడు. ఇరవై మంది చూస్తున్నారు. "అంకుల్‌కు మనా హై" అని, నాకేమీ అమ్మొద్దని దుకాణంవాడికి కూడా చెప్పేశాడు. మలుపు మలుపుకూ ఆపి మణికట్టు పట్టుకుని వాచీ చూస్తాడు. నాడి చూస్తున్నంత సేపు మాట్లాడకూడదు. నాకు అదే అసలైన శిక్ష.

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా చదువు.

ఇవాళ దమ్‌దమా చెరువు దాటాక సన్నగా వాన. కొండలన్నీ పచ్చబడ్డాయి. తుమ్మ చెట్ల మీద నెమళ్ళు తడిసి ముడుచుకు కూర్చున్నాయి. ముందువాళ్ళు ఎప్పుడో కనుమరుగయ్యారు. నేను ముందు, వాడు వెనక. వాడి చైన్ చప్పుడు కిరకిరమని వినిపిస్తోంది. ఉన్నట్టుండి వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ముఖం చూడనక్కరలేదు కదా, అందుకు కాబోలు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందని భయమేసింది.

"సాత్విక్ పాసైండు మామా. నా పక్క గదిలోనే ఉన్నోడు. మిఠాయి తెచ్చిండు. నేను రెండు తిన్న. బాగున్నయన్న. వాడు పోయినంక బాత్‌రూంల కక్కిన." కాసేపు చైన్ చప్పుడు. "నాన్న ఒక్కటే అడుగుతడు. అమ్మకు ఇనపడదు. ఎవరికి చెప్పాలె?" మళ్ళీ చైన్ చప్పుడు. "ఐదోసారి రాయ మామా. రాస్తనని చెప్పుకుంట ఉంటే ఊపిరి ఆడ్తలేదు."

నేను ఏమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. తోక తొందరపెట్టదు కదా, ముందున్నవాడు కూడా పెట్టకూడదని నాకు తోచింది.

పైకి చేరాక వాడే ఒక బండ మీద చెయ్యి వేసి, "ఈ కొండలు హిమాలయాల కన్నా పాతవి మామా. ఒకప్పుడు మస్తు ఎత్తుండె. అరిగిపోయి గింతయినయి, గంతే. పోలేదు కదా!" అన్నాడు. కావేరి గారు విని, "ఇంకోసారి చెప్పు బాబూ" అంది. చెప్పాడు. చాయ్ చల్లారేదాకా రాళ్ళ గురించి చెబుతూనే ఉన్నాడు. ఇరవై మంది పెద్ద ఉద్యోగాలవాళ్ళు హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఇప్పుడు వాణ్ణి 'మాస్టర్‌జీ' అంటున్నారు. దిగేటప్పుడు వెనక నుండి చిన్నగా ఈల వినిపించింది. నీ చెవి మిషన్ లాంటిది కాదు, పాటే.

వాడు పరీక్ష రాయనన్న సంగతి బావకు చెప్పకు. వాడే చెప్పుకోవాలి.

ఉప్పు లేని
లింగయ్య


సిద్దిపేట,
ఆగస్టు 17

లింగా,

బావకు చెప్పొద్దన్నవు. నేను చెప్పలేదు. నీ ఉత్తరం బల్ల మీద మరిచిపోయిన, ఆయనే చదివిండు. రెండు దినాలు పేపర్ తెరవలేదు. మూడో దినం నా పెన్ను అడిగి తీసుకున్నడు. ఈ కింది నాలుగు వరసలు ఆయన చేతివి:

'చి. శశికి, పరీక్ష సంగతి వదిలెయ్. మామ దగ్గరే ఉండు. మనిషిని చూసుకోవడం కన్నా పెద్ద ఉద్యోగం లేదు. నేను ఫోన్‌లో వేరే మాట అడగడం నేర్చుకుంట. నాన్న.'

ముప్ఫై ఏండ్ల కాపురంల ఆయన తప్పు ఒప్పుకున్న కాగితం ఇదొక్కటే. జాగ్రత్తగ వాడికియ్యి.

ఇంక నా మాట విను. మేమిద్దరం వస్తున్నం. ముప్ఫయ్యో తారీకు రైలు. అక్కడ గుండెలు చూసే పెద్ద డాక్టర్ దగ్గర సాయిచరణ్ నీ పేరు రాయించిండు. నీ సుధీంద్ర మీద నాకు నమ్మకం లేదు. గుండె జబ్బోణ్ణి సైకిల్ తొక్కమనేటోడు డాక్టరా? కాగితాలన్నీ తీసి పెట్టు.

శుక్రవారం అమ్మవారి ముందు ఒక మాట అనుకున్న. నాకు ఇచ్చిన ఏండ్లల్ల ఐదేండ్లు తీసి నా తమ్మునికియ్యి అని మొక్కిన. ఎక్కువ అడిగితే ఇయ్యదేమో అని ఐదే అడిగిన. నువ్వు నా కొడుకును నిలబెట్టినవు, నీకేమన్న అయితే నేను తట్టుకోను.

గౌరక్క


వైశాలి,
ఆగస్టు 24, ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే, తలుపు వేసుకుని చదువు. పైకి చదవకు. నీకు వినపడదు కాబట్టి నువ్వు మాట్లాడేది వీధంతటికీ వినపడుతుంది, పక్కింటి సాయిచరణ్ నుండి శశికి చేరుతుంది. ఇన్నాళ్ళూ నీకు సంగతి చెప్పకపోవడానికి అదే కారణం.

బావగారి నాలుగు వరసలు శశికి ఇవాళ కొండ మీద ఇచ్చాను. చదివి మడిచి హెల్మెట్ లోపల పెట్టుకున్నాడు.  "పుస్తకాలు కింది గది పిల్లలకిచ్చేస్త మామా. బీఎడ్ చేస్త. భూగోళం చెప్త," అన్నాడు. వచ్చే నెల మీతో పాటే సిద్దిపేట వస్తాడట. ఆ మాట బావగారికి తానే చెబుతాడట. తర్వాత నా వైపు తిరిగి, "మరి నీ వెనక ఎవరుంటరు?" అని అడిగాడు. కావేరి గారున్నారులే అన్నాను. "ఆమె నీకన్న ముందుంటది, వెనక ఎట్లుంటది?" అన్నాడు. నిజమే.

అప్పుడు లేచి దుకాణంలోకి వెళ్ళి ఒక సమోసా తెచ్చాడు. సగం విరిచి నా చేతిలో పెట్టాడు.  ఇద్దరం లోయ చూస్తూ తిన్నాం. వాడికి ఎప్పటి నుండి తెలుసో నేను అడగలేదు. గత శనివారం కూరగాయల మూట భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే వాడు ఎదురొచ్చాడు, ఆ రోజు నుండే కావచ్చు. లేదా మొదటి రోజే కావచ్చు. నాడి చూడటం మాత్రం మానలేదు.

టిక్కెట్లు క్యాన్సిల్ చేయకండి. రండి. ఆ పెద్ద డాక్టర్ దగ్గర మాత్రం నా పేరు కొట్టించెయ్, వేరే ఎవరికైనా పనికొస్తుంది. అమ్మవారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి నీ ఐదేళ్ళు నువ్వు వెనక్కి తీసుకో. నా కోసం మెడలోతు నీళ్ళలోకి ఒకసారి దిగావు, చాలు. ఆ ఐదేళ్ళ మాట చదివాక చేతిలో ఉన్న బెల్లం మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

వాడు తలుపు వెనక నుండి, రాకుంటే ఎవరికి నష్టం అని అడిగాడు కదా. ఒక నష్టం చూపించాలి. నా దగ్గర చదువు లేదు, చెప్పడానికి నాలుగు మంచి మాటలు లేవు. మెట్ల మీద కూర్చుని వెతుక్కుంటే దొరికింది ఈ ఛాతీ ఒక్కటే. అదే చూపించాను. సుధీంద్ర అనేది మా పిండిమిల్లు క్యాలెండర్ మీది పేరు. నరం మూసుకుపోలేదు, డాక్టర్ లేడు, కాగితాలు లేవు. నా గుండెకు ఏ జబ్బూ లేదక్కా, అదంతా నేను పుట్టించిందే.

బావి గట్టు మీద చెప్పులు పెట్టినవాడు,
నీ లింగడు